బాగా తియ్యండి

ఇప్పుడు పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకుని వెళ్తున్న కుర్రాళ్ళకు ఖాళీ ఫ్లాష్ అంటే ఏమిటో తెలియదు. ఈమధ్య మా వీధిలో ఒకతన్ని అడిగితే, బ్యాటరీ అయిపోవడం అనుకున్నాడు. కాదు నాయనా, బ్యాటరీ నిండుగానే ఉండాలి. మెరుపు కూడా కళ్ళు చెదిరేలా రావాలి. ఫొటో మాత్రం పడకూడదు.

ఫిల్ము రోజుల్లో రోలుకు ముప్పైఆరు ఫొటోలు. పెళ్ళివారు ఇన్ని రోళ్ళని ముందే చెప్పేవారు. భోజనాలవేళ వేదిక ఎక్కేవాళ్ళు మాత్రం ఎవరికీ చెప్పి రారు. ప్రతివాళ్ళూ వధూవరుల పక్కన నిలబడి, కండువా సర్దుకుని, కెమెరా వైపు చూస్తారు. తియ్యకపోతే చిన్నబుచ్చుకుంటారు. అందరినీ తీస్తే అప్పగింతలు రాకముందే రోళ్ళు అయిపోతాయి. ఫ్లాష్ వెనక పరీక్షకోసమని ఒక చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే వెలుగొస్తుంది, కెమెరాకు ఆ సంగతే తెలియదు. వచ్చినాయన కళ్ళు చికిలించి, తృప్తిగా భోజనానికి వెళ్ళిపోతాడు. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నేను భాగహారం అంటాను. ఊరందరి ముఖాలనూ నాలుగు రోళ్ళతో భాగిస్తే శేషం మిగలక తప్పదు. ఆ శేషానికి ఇచ్చేదే ఖాళీ ఫ్లాష్.

నేను ఫొటోగ్రాఫర్ని కాదు. గవర్నరుపేటలో మా గురువుగారి స్టూడియోలో లైట్లు పట్టుకునేవాణ్ణి, లెక్క చూసుకునేవాణ్ణి. పదో తరగతిలో లెక్కలే తప్పాను. లెక్కలు నాకు నేర్పింది ఫ్లాషు. దాని మీద ఒక అంకె ఉంటుంది. దాన్ని ఎదుటి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో దానితో భాగిస్తే, కెమెరా కన్ను ఎంత తెరవాలో వస్తుంది. గురువుగారు అడుగులు చెప్పేవారు, నేను జవాబు చెప్పేవాణ్ణి. ఆయన మంచినీళ్ళు తాగినంత సులువుగా ఫొటోలు తీసేవారు కాని, పన్నెండుతో భాగించమంటే మాత్రం ఆకాశం వైపు చూసేవారు. రోలులో ఎన్ని మిగిలాయో గుర్తుపెట్టుకోవడం కూడా నా పనే. చివరికొస్తుంటే దగ్గేవాణ్ణి. కంకిపాడు నుంచి మైలవరం దాకా చాలా పెళ్ళిళ్ళలో నాకు ఉబ్బసం ఉందనుకునేవారు.

ఎవరికి నిజం ఫ్లాష్, ఎవరికి ఖాళీ అన్నది వేదిక మీద గట్టిగా అడగలేం కదా. అందుకని గురువుగారు ముందురోజే పెళ్ళికూతురి తండ్రిని పక్కకు పిలిచి ఒక మాట అనుకునేవారు. తండ్రి “తియ్యండి” అంటే నిజంగా తియ్యాలి. “బాగా తియ్యండి” అంటే ఖాళీ.

మొదట్లో నాకిది తిరగేసినట్టు తోచింది. అడిగాను.

“దగ్గరివాళ్ళకి మర్యాద మాటలు ఎవడంటాడ్రా?” అన్నారు గురువుగారు. “మర్యాదంతా దూరపువాళ్ళకే. మర్యాద ఎక్కడ ఎక్కువైతే అక్కడ రోలు దాచుకో.”

అది నిజమే. పైగా “బాగా తియ్యండి” అన్న మాట విని వచ్చినాయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఏళ్ళ తరబడి ఆ మాట వినగానే గురువుగారి బొటనవేలు దానంతటదే ఫ్లాష్ వెనక్కి వెళ్ళిపోయేది. ఆయనకు ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

డిజిటల్ వచ్చింది. గురువుగారు చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి మా రోళ్ళు కడిగే ల్యాబు ఆయనే, “ఇంకెంతో కాలం కడగలేనండీ, మీరూ మారండి” అంటే కొన్నారు. పెట్టె విప్పి, కార్డును గోటితో తిప్పి చూశారు.

“ఇందులో ఎన్ని పడతయ్‌రా?”

“నాలుగొందల పైనే పడతాయండి.”

“అంటే నాలుగొందలు తీసేదాకా జనం మనల్ని భోజనానికి వదలరన్నమాట.”

“నచ్చనివి తీసెయ్యొచ్చండి.”

“నచ్చనిది అసలు తియ్యడం ఎందుకురా?”

దానితో వచ్చిన బుల్లి ఫ్లాషు ఆయన కంటికి అస్సలు ఆనలేదు. “అగ్గిపుల్ల గీసినట్టుంది” అని పక్కన పడేశారు. పాత ఫ్లాషేమో కొత్త కెమెరాకు పట్టదు. దాన్ని పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ లారీలకు రేకు పని చేసే మనిషి ఒకాయన గురువుగారికి పాత స్నేహితుడు.

“ఇది ఏ బండిదండీ?” అన్నాడాయన, ఫ్లాష్‌ను అటూ ఇటూ తిప్పి.

“నా బండిదే. ఈ రెండిట్నీ కలిపి పట్టేట్టు ఒక పట్టీ కొట్టు.”

“సంసారం బానే కుదిరింది. ముసలాయనకి పడుచుపిల్లని కట్టబెడుతున్నారు” అని నవ్వుతూ ఒక ఇనప పట్టీ కొట్టిచ్చాడు. అలా పాత ఫ్లాషు, దాని వెనక పాత బొత్తాం, గురువుగారి బొటనవేలికి అలవాటైన చోటే వచ్చి కూర్చున్నాయి. ఆయన ముఖం విప్పారింది. నాకూ అదేదో మంచిదనే అనిపించింది.

స్టూడియోలో వారం రోజులు సాధన చేశారు. ముప్పైఆరు అయ్యేసరికి ఆగి, చెయ్యి నా వైపు చాపి “రోలు” అనేవారు. “ఇందులో రోలు లేదండీ” అని రెండు మూడుసార్లు చెప్పి చూశాను. లాభం లేదని కార్డు బయటికి తీసి, ఒకసారి ఊది, మళ్ళీ అదే లోపల పెట్టి ఇచ్చేవాణ్ణి. అప్పుడు కుదుటపడేవారు.

“ఇక ఖాళీ ఫ్లాష్ అక్కర్లేదండీ. వచ్చినవాళ్ళందర్నీ తీసెయ్యొచ్చు” అన్నాను.

“అందర్నీ తీస్తే దగ్గరివాళ్ళకీ దూరపువాళ్ళకీ తేడా ఏముంది?” అన్నారు. అయినా తల ఊపారు. తల ఊపారు కాబట్టి ఒప్పుకున్నారని నేను లెక్క వేసుకున్నాను. బొటనవేలిని విడిగా అడగాలని తట్టలేదు.

డిజిటల్లో మా మొదటి పెళ్ళి కంకిపాడులో. పెళ్ళికూతురి తండ్రి హైస్కూలు మాస్టారు. కొన్నేళ్ళ క్రితం ఆయన పెద్దమ్మాయి పెళ్ళి కూడా మేమే తీశాం, ఫిల్ము మీద. ఇది రెండో అమ్మాయి పెళ్ళి. పదిరోజుల ముందు మాస్టారు స్టూడియోకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

“గురువుగారూ, మా బావగారు వస్తున్నారండీ” అన్నారు.

ఆ బావగారి కథ మాకు తెలుసు. మాస్టారికి ఒక్కతే అక్క. ఆమె భర్తకు మైలవరంలో చీరల కొట్టు. పెద్దమ్మాయి పెళ్ళికి ఆయన దంపతులుగా వచ్చి, వేదికెక్కి, అక్షింతలు వేసి, ఫ్లాష్ మెరిశాక దిగారు. ఆల్బమ్ వచ్చాక చూస్తే ఆయన లేరు. రోలుకు కాస్త వెలుతురు తగిలిందని గురువుగారు చెప్పారు. బావగారు వ్యాపారస్థుడు. ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిప్పి, “నా ముందు నిలబడ్డ పాలాయన ఉన్నాడు. నా వెనక నిలబడ్డ మేస్త్రీ ఉన్నాడు. వెలుతురు మధ్యలో నాకొక్కడికే తగిలిందా మాస్టారూ?” అన్నారట. ఆ లెక్క తప్పని నేనైనా అనలేను. ఆ రోజునుంచి ఆయన బావమరిది ఇంటికి రాలేదు. అక్కను రానివ్వలేదు.

“ఎన్నిసార్లు మైలవరం తిరిగానో నాకే తెలుసు. ఎట్టాగో ఒప్పుకున్నారు” అన్నారు మాస్టారు. “ఈసారి కూడా ఆయన ఆల్బమ్‌లో లేకపోతే మా అక్క ఇక జన్మలో నా గడప తొక్కదండీ.”

“ఇది డిజిటల్ అండీ మాస్టారూ. పడకపోవడమనేది ఉండదు” అన్నారు గురువుగారు.

మాస్టారు వెళ్ళాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెద్దమ్మాయి పెళ్ళిలో రోలుకు వెలుతురేమీ తగల్లేదు. ఆ రోజు మాస్టారే బావగారిని వద్దన్నారు, అందుకే తియ్యలేదు. వాళ్ళింట్లో ఏం గొడవలున్నాయో మనకెందుకని ఊరుకున్నాం. ఆయనే వద్దని, ఇప్పుడు ఆయనే వచ్చి ఇంతగా బతిమాలడం మాత్రం మాకు అంతుపట్టలేదు.

పెళ్ళిరోజు పొద్దుటినుంచీ కెమెరా వెనకనున్న బుల్లి తెర గురువుగారి ప్రాణం తోడేసింది. ప్రతి ఫొటోకూ నలుగురు ఆడవాళ్ళు ఆయన భుజం మీదుగా తొంగిచూసి, “ఏదీ, చూపించండి”, “నా కళ్ళు మూసుకుపోయినయ్, ఇంకోటి తియ్యండి” అంటున్నారు. “ఉడుకుతున్న అన్నం మూత తీసి చూసినట్టుంది” అని ఆయన విసుక్కున్నారు. ముహూర్తం బాగానే గడిచింది. తాళి, తలంబ్రాలు చక్కగా పడ్డాయి. భోజనాలు మొదలయ్యాయి. వేదిక కింద వరస కట్టారు.

మాస్టారు వేదిక పక్కన నిలబడి తన మర్యాద కొద్దీ చెబుతూనే ఉన్నారు. స్కూలు సహచరులొస్తే “తియ్యండి”. ఎవరో తెలియనివాళ్ళొస్తే “బాగా తియ్యండి”. నేను పక్కన లైటు పట్టుకుని, కెమెరా మీద ఫొటోలు లెక్కపెట్టే అంకె చూస్తున్నాను. కొన్ని మెరుపులకు అంకె కదులుతోంది, కొన్నిటికి కదలడం లేదు.

“అందర్నీ తీసెయ్యండి, బోలెడు చోటుంది” అని గొణిగాను.

“నాకు తెలుసురా. దీనికే ఇంకా తెలియలా” అని బొటనవేలు చూపించారు.

అంతలో బావగారు వేదికెక్కారు. జరీ కండువా, నుదుట బొట్టు, గంజి పెట్టిన ముఖం. పక్కన మాస్టారి అక్క. ఆయన పెళ్ళికొడుకు భుజం తట్టి, తిరిగి నిటారుగా నిలబడ్డారు. మాస్టారు ఒక అడుగు ముందుకు వేశారు. రెండు చేతులూ జోడించి, ఇన్నేళ్ళ బెంగనంతా కలిపి, “గురువుగారూ, మా బావగారండీ. బాగా తియ్యండి” అన్నారు.

ఫ్లాష్ మెరిసింది. అంకె కదల్లేదు.

గురువుగారు తన చేతిని తనే పరాయివాడి చేతిలా చూసుకున్నారు. బొటనవేలు ఇంకా బొత్తాం మీదే ఉంది. “ఉండండి, ఇంకొకటి తీద్దాం” అని నేను నోరు తెరిచేలోపే బావగారు వేదిక దిగి మా దగ్గరికి వచ్చేశారు.

“ఏదీ, చూపించండి. పడ్డానో లేదో చూసుకునే పోతా.”

తెర మీద అంతకుముందు తీసిన ఫొటో ఉంది. షామియానాలు వేసే ఆయన కుటుంబం. ముందు నిలబడ్డ పిల్లాడు ముక్కులో వేలు పెట్టుకుని ఉన్నాడు. బావగారు జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు.

“ఈ పిల్లాడెవరు?”

“షామియానా ఆయన అబ్బాయండి” అన్నాను.

“బానే ఉన్నాడు. మరి నేనెక్కడ?”

గురువుగారు కెమెరాను కిందికి దించారు.

“ఈసారి కూడా వెలుతురు నాకే తగిలిందా?” అన్నారు బావగారు. కళ్ళజోడు తీసి మడిచారు. అది మడిచిన తీరు చూస్తే, నేరుగా బస్సెక్కి మైలవరం వెళ్ళిపోతారనిపించింది.

మాస్టారు వేదిక పక్కనుంచి పరుగున వచ్చారు. “ఏవండీ, నేను బాగా తియ్యమన్నానుగా.”

“అందుకేనండీ తియ్యలేదు” అన్నారు గురువుగారు.

ఆ తరవాత దాచడానికి ఏమీ మిగల్లేదు. గురువుగారు అక్కడే నిలబడి, ఖాళీ ఫ్లాష్ గురించి, అనుకున్న మాట గురించి, బొటనవేలి గురించి మొత్తం చెప్పేశారు. మాస్టారు నోరు తెరిచి వింటున్నారు. అప్పుడెప్పుడో అనుకున్న ఆ మాట పెళ్ళి హడావుడిలో మరిచేపోయారు, ఇప్పుడు గుర్తుకొస్తున్నట్టు కనిపించింది.

“అయితే పెద్దమ్మాయి పెళ్ళిలో?”

“అప్పుడూ బాగానే తియ్యమన్నారండీ మీరు. మీకిష్టం లేదేమో అనుకున్నాం.”

మాస్టారు వేదిక మెట్టు మీద కూర్చుండిపోయారు. “మనస్ఫూర్తిగా అన్నానండీ” అన్నారు. “మా బావగారు కదా, ఉత్త తియ్యండి అనడానికి నాకు నోరెట్టా వస్తుంది?”

బావగారు ఇంకా బిగుసుకునే ఉన్నారు. “బాగానే ఉంది మీ మర్యాద. ఊళ్ళో మనుషుల్ని పిలిచి, నిలబెట్టి, వెలుగు కొట్టి పంపించడమా?”

అప్పుడు అక్క నోరు విప్పింది. అప్పటిదాకా ఆవిడ గొంతు నేను వినలేదు.

“మీరు మాత్రం తక్కువ తిన్నారా? కొట్లో ‘మంచి సరుకు చూపించరా’ అంటే కుర్రాళ్ళు ఏం చూపిస్తారో చెప్పమంటారా?”

“ఇప్పుడదెందుకే?”

“కొనరని తెలిసినవాళ్ళు వస్తే ఆ మాటంటారండీ” అని అక్క మా వైపు తిరిగి చెప్పింది. “అంటే కట్టలు విప్పొద్దు, ముందు వరసలోవి నాలుగు చూపించి పంపించెయ్యమని. పెద్దదాని పెళ్ళిచీరలకి మా తమ్ముడు కొట్టుకొస్తే ఈయన ఏమన్నారో అడగండి.”

బావగారు అడక్కుండానే కండువా సర్దుకున్నారు. “బావమరిది వచ్చాడని, మంచి సరుకు చూపించరా అన్నా. నిజంగానే అన్నానే.”

“నిజంగానే ముందు వరసలోవి చూపించారు. వాడు అవి చూసి, మొహమాటానికి చెప్పలేక, పక్క కొట్లో కొనుక్కున్నాడు. బావమరిది పక్క కొట్టుకి పోయాడని మీరు అలిగారు. ఆ అలక మీద ఈ అలక.”

మాస్టారు మెట్టు మీంచి తలెత్తి, “మీ కొట్లో అంతకంటే మంచివి లేవేమో అనుకున్నా బావగారూ” అన్నారు.

“లేకేం. గది నిండా ఉన్నయ్” అన్నారు బావగారు నీరసంగా. మరుక్షణం ఆయన పొట్ట కదిలింది. నవ్వు అక్కడ మొదలై ముఖానికి రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చాక ఆగలేదు. మాస్టారు కూడా నవ్వబోయి, ఏడ్చి, కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

మా కష్టం అక్కడితో తీరలేదు. వరసలో నిలబడ్డవాళ్ళంతా ఈ సంభాషణ విన్నారు. స్కూలు గుమాస్తా పక్కనున్నాయనతో, “నాకు ఉత్త తియ్యండే” అన్నాడు గర్వంగా. ఆ పక్కనాయన ముఖం మాడింది. “నాకు బాగా అన్నారే” అని వరసలోకి మళ్ళీ దూరాడు. అయిదు నిమిషాల్లో ఆ వార్త భోజనాల పందిట్లోకి పాకింది. చెయ్యి కడుక్కుని కొందరు, కడుక్కోకుండా కొందరు వచ్చేశారు. పెద్దమ్మాయి పెళ్ళికి తనకేమన్నారో గుర్తులేదని, ఎందుకైనా మంచిదని రెండు ఫొటోలు తియ్యమన్నాడు పాలాయన.

గురువుగారు అందర్నీ తీశారు. నేను ఫ్లాష్ వెనక బొత్తాం మీద ఒక టేపు ముక్క అంటించాను. రోలు మార్చమని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. డిజిటల్ ఆయన చేతికి అలవాటైంది ఆ మధ్యాహ్నమే. ఈ కాలం పిల్లలు నెలల తరబడి కోర్సులు చేస్తున్నారు. మా గురువుగారికి ఒక్క పూట, చేతులు కడుక్కోని జనం సరిపోయింది.

అయితే మొదట తీసింది మాత్రం బావగారినే. అక్క ఆయన్ని మళ్ళీ వేదికెక్కించింది. తమ్ముణ్ణి చెయ్యి పట్టి లేపి పక్కన నిలబెట్టింది. మాస్టారు అలవాటుగా ఏదో అనబోయారు.

“నువ్వు నోరు మూసుకోరా” అంది అక్క, అరచేయి తమ్ముడి నోటికి అడ్డం పెట్టి.

“ఇక కానివ్వండి” అన్నారు బావగారు.

గురువుగారు తీశారు. అంకె కదిలింది. నేను అదొక్కటే చూశాను.

అప్పగింతలయ్యాక అక్క పుట్టింటికి వెళ్ళింది. బావగారు కూడా వెళ్ళి, నాలుగు రోజులుండి, మాస్టారి వంటింట్లో కాఫీ బాగాలేదని చెప్పేంత చనువు తెచ్చుకున్నారట. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరుతున్నప్పుడు మాత్రం గురువుగారికి ఒక బాధ పట్టుకుంది. మాస్టారి నోటి మీద అక్క చెయ్యి ఉంది, అదైతే అందంగానే ఉంది. బావగారు కెమెరాలోకి చూడటం లేదు. ఆయన చూపు కాస్త పక్కకు, గురువుగారి బొటనవేలి మీద ఉంది. అంత పెద్దమనిషి ఆల్బమ్‌లో అలా పక్క చూపులు చూస్తుంటే తన పనికి మచ్చ అని ఆయనకు నిద్రపట్టలేదు. చివరికి ఫోను చేశారు.

“బావగారూ, మీ ఫొటో ఒకటి సరిగా రాలేదండీ. చూపు పక్కకి పోయింది. మీ కొట్టుకి వచ్చి మళ్ళీ తీస్తాను.”



“అదే ఉంచండి” అన్నారు అవతల బావగారు. “అక్కడ చూస్తూ ఉండబట్టే నేను పడ్డా.”